కొత్తగా కొన్న సెల్ఫ్ కార్ వాష్‌లో రాబడి పెంచుకోవడం ఎలా (నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ల కోసం)

ఈ మధ్య వరసగా అడుగుతున్నారు. "నడుస్తున్న సెల్ఫ్ వాష్ కొన్నామండీ, అమ్మినాయన చెప్పిన కలెక్షన్‌లో సగం కూడా కనిపించట్లేదు, ఏం చేస్తే పెరుగుతుంది?" అని. కావలి వాళ్లు ఒకరు, ఒంగోలు బైపాస్ దగ్గర వాళ్లు ఒకరు, నెల్లూరు మినీ బైపాస్ మీద ఇంకొకరు. ఊరు మారినా గొడవ అదే, కాబట్టి విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా.

ముందు మన వైపు మనుషుల సంగతి చెప్పాలి. గన్ (నీళ్లు జోరుగా కొట్టే పైపు) కస్టమర్ చేతికిచ్చి, టైమర్ తిప్పి, "మీరే కడుక్కోండి" అనే పద్ధతి పెద్ద ఊళ్లలో చూసొచ్చి ఇక్కడ యథాతథంగా పెడితే నడవదు. మన దగ్గరికి వచ్చేది మూడు రకాలు. బైకు పిలకాయలు సరదాగా కడుక్కుంటారు. పసుపు నంబర్ ప్లేటు డ్రైవర్లు డబ్బు మిగులుతుందని కడుక్కుంటారు, పైగా మనకంటే బాగా కడుగుతారు. మూడో రకం సొంత కారు వాళ్లు. ఇస్త్రీ చొక్కా మీద దిగి, ఫోను చెవికి పెట్టుకుని, "తమ్ముడూ, నువ్వే కొట్టేయ్" అంటారు. వాళ్లకి "ఇది సెల్ఫ్ అండీ" అని చెప్పి పంపేస్తే పోయేది ఎక్కువ డబ్బిచ్చే గిరాకీ. ఈ మూడు రకాలకీ చోటు ఉండేలా షాపు సర్దుకోవడమే కింద రాసిన పనంతా.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత యజమాని పేరు మీద వచ్చిన కరెంటు బిల్లులు, కనీసం 12 నెలలవి
- టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు, లవణాలు ఎంతో చూపించేది), నీటి కాఠిన్యం చూసే చిన్న కిట్
- పనిచేసే ప్రెషర్ గేజి (మెషీన్ మీదున్నది పాడైతే ముందు అది మార్చండి)
- 20 లీటర్ల బకెట్టు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను
- 25 డిగ్రీలు, 40 డిగ్రీల (నీళ్లు విచ్చుకునే కోణం) కొత్త నాజిళ్లు, గన్ ఓ-రింగులు, పంపు ఆయిలు
- టైమర్ బాక్సు, మీ ఖాతాకి కట్టిన క్యూఆర్, సౌండ్ బాక్సు
- మైక్రోఫైబర్ గుడ్డలు
- ఒక రూళ్ల నోటు పుస్తకం

కొత్త మెషీన్లు కొనొద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

1. మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి, కొలవండి

రేటు మార్చొద్దు, బోర్డు మార్చొద్దు (కరెంటు షాకు రక్షణ, పాత క్యూఆర్ స్టిక్కరు మాత్రం మొదటి రోజే చూసుకోవాలి, అవి కింద చెప్తా). పొద్దున షట్టర్ తీయగానే కరెంటు మీటరు రీడింగు రాయండి, రాత్రి మూసేటప్పుడు మళ్లీ రాయండి. ఎన్ని బండ్లు వచ్చాయి, ఏ గంటలో వచ్చాయి, ఒక్కో బండి బేలో (బండి నిలిపి కడిగే చోట) ఎంతసేపు ఉంది, ఎంత ఇచ్చింది, అన్నీ రాయండి. ఎంత మంది బోర్డు చూసి ఆగి, అడిగి, వెళ్లిపోయారో కూడా రాయండి. ఈ చివరిది ఎవరూ రాయరు, నిజానికి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

పాత బిల్లులు ఎందుకంటే, అమ్మినాయన మాట ఎంత నిజమో అవి చెప్పేస్తాయి. లెక్క ఇలా. 5 హెచ్‌పీ మోటారు పది నిమిషాలు తిరిగితే సుమారు 0.65 యూనిట్లు కాలుతుంది. రోజుకి 40 కార్లు, ఒక్కోదానికి పది నిమిషాల గన్ అంటే నెలకి ఒక్క పంపుకే 780 యూనిట్ల దాకా అవ్వాలి. దానికి బోరు మోటారు, వ్యాక్యూమ్, లైట్లు అదనం. ఆయన చూపించిన బిల్లులో మొత్తం కలిపి 400 యూనిట్లే ఉంటే, 40 కార్లు అన్నది కబుర్లే. అడ్వాన్సు ఇవ్వకముందు చూసుకునే అవకాశం ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోండి. కొనేసినవాళ్లకి కూడా ఉపయోగమే, ఎందుకంటే "పాత కలెక్షన్ మళ్లీ తెచ్చుకోవాలి" అనే టెన్షన్ పోతుంది. అసలు ఆ కలెక్షనే లేదు కదా.

మీ మోటారు 3 హెచ్‌పీ అయితే యూనిట్లు తగ్గుతాయి, 7.5 అయితే పెరుగుతాయి, దాన్ని బట్టి సరిచూసుకోండి.

2. గన్ ప్రెషర్ సరిచేయండి

కస్టమర్ డబ్బు ఇచ్చేది నిమిషాలకి. ప్రెషర్ లేకపోతే ఆ నిమిషాల్లో బురద పోదు, "ఈడ డబ్బులు దండగ" అనుకుని ఇంకోసారి రాడు. చూడడం తేలిక. మెషీన్ ప్లేటు మీద నిమిషానికి ఎన్ని లీటర్లో ఉంటుంది. 15 లీటర్లు అని ఉంటే 20 లీటర్ల బకెట్టు 80 సెకన్లలో నిండాలి.

బకెట్టు ఆలస్యంగా నిండుతోందా? ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది, లేదా పంపు వాల్వులు, సీళ్లు అరిగి ఉంటాయి, లేదా అన్‌లోడర్ వాల్వు (గన్ ఆపినప్పుడు నీటిని వెనక్కి మళ్లించేది) గన్ నొక్కినా నీటిని వెనక్కి తిప్పేస్తూ ఉంటుంది. ముందు ఫిల్టరు విప్పండి, సగం కేసుల్లో నాచూ ఇసుకా అక్కడే దొరుకుతుంది. బకెట్టు సరిగ్గానే నిండుతోంది, గేజి మాత్రం తక్కువ చూపిస్తోందా? అయితే నాజిల్ రంధ్రం అరిగి వెడల్పయింది, మార్చేయండి, పోయేది వందల్లోనే. ఇది తెలియక మెకానిక్ మాట విని పంపే మార్చేసినవాళ్లు ఉన్నారు.

పంపు ఆయిలు చూసే గాజు బిళ్ల దగ్గర ఓసారి వంగి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు పోతున్నాయని అర్థం. సీళ్లు మార్చకుండా నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

కారుకి గేజి మీద 80 నుంచి 100 బార్ ప్రెషర్ చాలు. ఇంకా పెంచితే బాగా పోతుందని పెంచకండి.

హెచ్చరిక: ఎరుపు రంగు నాజిల్ జీరో డిగ్రీది, నీళ్లు సూదిలా వస్తాయి. కస్టమర్ చేతికిచ్చే షాపులో అది ఉండనే కూడదు, తీసి లోపల పెట్టేయండి. చర్మం మీద దగ్గరగా తగిలితే నీళ్లు లోపలికి దూసుకుపోతాయి, పైకి చిన్న గాటే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన దెబ్బ అది. కార్లకి ఆకుపచ్చ (25 డిగ్రీలు), బైకులకీ పాత పెయింటుకీ తెల్లది (40 డిగ్రీలు). టైరు పక్క గోడకి, రేడియం స్టిక్కర్లకి, మళ్లీ పెయింట్ వేయించిన బంపర్లకి అడుగున్నర దూరం నుంచే కొట్టమని బోర్డు రాయించండి. వెనక అద్దం మీద అభిమాన హీరో బొమ్మలో మీసం ఊడివస్తే ఆ పంచాయితీ తీర్చడం ఎవరి తరమూ కాదు.

ఇంకొకటి, ఎర్తింగు. తడి నేల మీద, చెప్పులు విప్పి నిలబడే జనం చేతికి మెషీన్ ఇస్తున్నాం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా కట్ చేసే స్విచ్చు) ఉందో లేదో మొదటి రోజే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లేకపోతే పెట్టించేదాకా షాపు తెరవకండి.

3. నీళ్లు. మన జిల్లాల్లో అసలు తలనొప్పి ఇదే

కోవూరు దాటి సముద్రం వైపు వెళ్లినా, రొయ్యల చెరువులున్న చోటైనా బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఒంగోలు వైపు, ఇంకా పడమటికి పోతే కాఠిన్యం. ఆ నీళ్లతో కడిగిన నల్ల కారు కడిగిన పావుగంటకి ఎండలో చూడండి, బానెట్ నిండా సున్నపు చుక్కలు. కస్టమర్ ఇంటికెళ్లాక వాళ్లావిడ "కడిగించారా, లేదా?" అంటుంది. అక్కడితో ఆ కారు మీకు దక్కదు.

టీడీఎస్ మీటరు ముంచండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. మీ బోరు దానికి పైన ఉంటే చుక్కలు ఖాయం. ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. సాఫ్ట్‌నర్ పెడితే టీడీఎస్ తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది, అంతే. షాంపూ నురగ బాగా వస్తుంది, మరక పడినా గుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ మరక పడడం ఆగదు. టీడీఎస్ తగ్గాలంటే ఆర్‌ఓ కావాలి.

అలాగని షాపు మొత్తానికి ఆర్‌ఓ పెట్టక్కర్లేదు. బురద కొట్టడానికి, నురగ కడగడానికి మామూలు నీళ్లే వాడి, ఆఖరి కడుగు ఒక్కటి 50 లోపు టీడీఎస్ ఉన్న నీళ్లతో ఇస్తే చాలు. కారుకి పది, పదిహేను లీటర్లు. చిన్న ట్యాంకు, చిన్న పంపు, విడి పైపు. "మరక పడని ఆఖరి కడుగు, 20 రూపాయలు" అని విడిగా అమ్మండి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లు నేల కడగడానికి, టైర్లకి పనికొస్తాయి, కాలవలోకి వదలకండి.

ఆర్‌ఓకి డబ్బు లేదంటే వాన నీళ్లు ఉన్నాయి. మనకి వానలు గట్టిగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 100 చదరపు మీటర్ల రేకుల షెడ్డు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు వెయ్యి లీటర్లు. మొదటి జల్లు వదిలేసి (రేకుల మీది దుమ్ము, కాకి రెట్టలు పోవాలి కదా) తర్వాత వచ్చేది సంపులోకి పట్టుకుంటే టీడీఎస్ చాలా తక్కువగా ఉండే నీళ్లు ఉచితంగా వచ్చినట్టే. అదీ కుదరకపోతే నీడ, గుడ్డ. కడిగిన కారు ఎండలో ఆరకూడదు. రేకుల నీడలోకి జరిపి, వెంటనే మైక్రోఫైబర్‌తో తుడిపించండి, ఆ గుడ్డ కౌంటర్ దగ్గర అమ్మండి. చాలామంది ఇంట్లోంచి తెచ్చిన పాత బనియన్‌తో తుడుస్తారు, దాని కుట్లకే గీతలు పడతాయి.

రోహిణి కార్తె ఎండల్లో నేరుగా హైవే మీద నుంచి దిగిన కారు మీద నురగ కొట్టనివ్వకండి. బానెట్ పెనంలా కాలుతుంటుంది, నురగ ఎండిపోయి చారలు కడుతుంది. ఐదు నిమిషాలు నీడలో ఆపి, చక్రాల నుంచి మొదలుపెట్టించండి.

4. టైమరు, రేటు

రేటు పెట్టేముందు మీ ఖర్చు తెలియాలి. ఉదాహరణ వేసి చూపిస్తా, అంకెలు మీవి పెట్టుకోండి. నిమిషానికి 15 లీటర్ల గన్, పది నిమిషాలు, 150 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు 600 రూపాయలనుకుంటే నీళ్లకి 18. కరెంటు యూనిట్ పది చొప్పున 7 దాకా. షాంపూ 40 మిల్లీలీటర్లు, లీటరు 150 అనుకుంటే 6. మొత్తం 31. పది నిమిషాలు వంద రూపాయలకి అమ్మితే చేతిలో 69.

ఇప్పుడు అద్దె, జీతం, వాయిదాలు కలిపి నెలకి 45,000 అనుకోండి. దాన్ని 69తో భాగిస్తే 652. అంటే రోజుకి 22 కార్లు వస్తే ఖర్చులకి సరి, ఇరవై మూడో కారు నుంచి మీది. ఈ అంకె మీ షాపుకి ఎంతో తేల్చుకుని గల్లా పెట్టె లోపలి వైపు రాసి పెట్టుకోండి.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, నడిచే నిమిషానికి అయ్యే ఖర్చు మూడు రూపాయలే, బరువంతా అద్దెలో జీతాల్లో ఉంది. బే ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు ఆగదు, ట్రావెల్స్ బస్సులో ఖాళీ సీటు లాగా. కాబట్టి డబ్బు తగ్గించే డిస్కౌంటు ఇవ్వకండి, నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. వంద కడితే పదికి బదులు పన్నెండు నిమిషాలు. కస్టమర్‌కి అది 20 రూపాయల లాభం, మీకు పోయేది 6.

టైమరు కనీసం 5 నిమిషాలకి పెట్టండి, 50 రూపాయలు. ఇంకో నిమిషం ఉందనగా బజర్ మోగాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నురగ ఇంకా కారు మీద ఉండగా బజర్ మోగితే చాలామంది ఇంకో 20 కడతారు. మోగకుండా టక్కున ఆగిపోతే మాత్రం అదే మనిషి మీ మీదకి గొడవకి వస్తాడు. మొత్తం మీద రెండు నిమిషాల పాజ్ కూడా ఇవ్వండి, బకెట్టు తెచ్చుకోవడానికి, పిల్లాడిని పక్కకి జరపడానికి పనికొస్తుంది.

నాణేలు, టోకెన్లు, క్యూఆర్ మూడూ ఉంటే మంచిది. క్యూఆర్ ఒక్కటే పెడితే సాయంత్రం నెట్‌వర్క్ పోయినప్పుడు షాపూ పోతుంది.

5. బేలోంచి బండిని త్వరగా బయటికి పంపించండి

ఆదివారం ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా నిలబడి చూడండి. గన్ నడిచేది పది నిమిషాలు, కారు బేలో ఉండేది ముప్పావు గంట. మిగతా టైమంతా మ్యాట్లు దులుపుకోవడం, డ్యాష్‌బోర్డు తుడుచుకోవడం, వ్యాక్యూమ్ కోసం ఎదురుచూడడం. వెనక ముగ్గురు నిలబడి, నాలుగోవాడు వెళ్లిపోతాడు. మీ ఆదివారం ఆదాయం పోతున్నది ఇక్కడ.

వ్యాక్యూమ్, తుడిచే చోటు, మ్యాట్లు ఆరేసే దండెం, ఇవి బేలోంచి తీసి పక్కన నీడలో పెట్టండి. స్థలం లేకపోతే గేటు పక్కన గోడ వెంబడి రేకు దింపినా చాలు. వ్యాక్యూమ్‌కి విడి టైమరు, 5 నిమిషాలు 30 రూపాయలు. నేల మీద పసుపు గీత గీసి "గన్ ఆగాక బండి ఇటు" అని బాణం వేయండి. ఖర్చు ఒక పెయింట్ డబ్బా. రెండో బే కట్టాలనుకునేవాళ్లు ముందు ఈ పని చేసి ఒక నెల చూడండి.

6. ఒక పిలకాయని పెట్టుకోండి, పని కట్టి డబ్బు ఇవ్వండి

సెల్ఫ్ వాష్‌లో మనిషెందుకు అంటే, పైన చెప్పిన ఇస్త్రీ చొక్కా ఆయన కోసం. బోర్డు మీద రెండు రేట్లు రాయండి: మీరు కడుక్కుంటే ఇంత, మేము కడిగితే ఇంత. రెండో దాంట్లో తేడా మొత్తంలో సగం కుర్రాడికి రోజూ రాత్రే లెక్క కట్టి ఇవ్వండి. నెలజీతం ఒక్కటే ఇస్తే కారు వచ్చినప్పుడు ఫోను చూస్తూ కూర్చుంటాడు. పనికి ఇంత అంటే తనే గేటు దగ్గరికి ఎదురెళ్తాడు. డ్యాష్‌బోర్డు పాలిష్, టైర్ పాలిష్, కారు అడుగు భాగం కడగడం, సీటు మరకలు తీయడం, ఇవన్నీ విడి రేట్లు. టైర్ పాలిష్‌కి రెండు నిమిషాలు పడుతుంది, కారు కొత్తదానిలా కనిపిస్తుంది, ముందు అది అడగమని చెప్పండి.

కొత్తవాడికి నేర్పాల్సింది ఒకటే గట్టిగా నేర్పండి. ముందు ఒట్టి నీళ్లు, తర్వాత నురగ, రెండు మూడు నిమిషాలు ఆగడం, మళ్లీ నీళ్లు, ఆ తర్వాతే చెయ్యి లేదా గుడ్డ తగలాలి.

అడుగున డీజిల్ స్ప్రే కొట్టే అలవాటు మన షాపుల్లో ఇంకా ఉంది. ఆపేయండి. రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, దుమ్ము రెట్టింపు పట్టుకుంటుంది, ఆ నీళ్లు పోయే కాలవ ఎవరి పొలంలోకో చేరుతుంది. బట్టల సబ్బు పొడి కూడా వద్దు, చవకే గానీ మెరుపు తినేస్తుంది.

7. ఇక్కడి మురికిని చూసి సర్వీసు పెట్టండి

నాకు బాగా నచ్చిన పని ఇది, ఎందుకంటే పక్క షాపువాడు చేయడు.

మైపాడు, కొత్తపట్నం బీచిల నుంచి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చే కార్లలో మ్యాటు ఎత్తితే పిడికెడు ఇసుక, అడుగున ఉప్పు. "బీచ్ వాష్: అడుగు కడగడం, వ్యాక్యూమ్ కలిపి ఇంత" అని బోర్డు పెట్టండి. ఉప్పు తడి అలాగే ఉంటే అడుగు తుప్పు పడుతుందని ఒక ముక్క చెబితే చాలు, ఒప్పుకుంటారు. ఆ రాత్రి వ్యాక్యూమ్ ఫిల్టరు మాత్రం తప్పక దులపండి, లేకపోతే సోమవారానికి పీల్చడం మానేస్తుంది.

చీమకుర్తి వైపు నుంచి వచ్చే బండ్ల మీద గ్రానైట్ పొడి ఉంటుంది. చూడ్డానికి మామూలు దుమ్మే, కానీ రాయి పొడి. దాని మీద పొడి గుడ్డ ఒక్కసారి ఆడించారా, బానెట్ మీద సాలెగూడులా గీతలు. ఈ బండ్లకి ముందు నీళ్లు మూడు నిమిషాలు ఎక్కువ పట్టండి, అవసరమైతే ఆ నిమిషాలు ఉచితంగా ఇవ్వండి.

రాత్రి పూట చెన్నై, విజయవాడ హైవే మీద వచ్చిన కార్ల ముందు భాగం చూడండి, నంబర్ ప్లేటు నుంచి అద్దం దాకా చచ్చిన పురుగులు అతుక్కుని ఉంటాయి. గన్‌తో గట్టిగా కొడితే పోవు. తడిపిన గుడ్డ పరిచి ఐదు నిమిషాలు ఉంచితే మెత్తబడి వస్తాయి. "పురుగుల మరకలు, 40 రూపాయలు". టోల్ గేటుకి దగ్గర్లో ఉన్న షాపులకి ఇది పొద్దుటి పూట బాగా నడుస్తుంది.

దసరాకి ఆయుధ పూజ ముందు రెండు రోజులు ఎటూ నిద్ర ఉండదు, అందరికీ తెలిసిందే. తెలియనిది ఆ తర్వాతి వారం. బానెట్ మీద గంధం, కుంకుమ బొట్లు ఎండకి పట్టేసి ఉంటాయి, తెల్ల కారుకి మరీ ఎబ్బెట్టుగా. బొట్టు తీసేయడం అపచారమనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి అడిగి తీయండి, గోరువెచ్చని నీళ్లు, షాంపూ, మెత్తటి గుడ్డ. పూజకి వచ్చినప్పుడే "వారం లోపు వస్తే బొట్టు మరకలు ఉచితంగా తీస్తాం" అని కూపన్ చేతిలో పెట్టండి. వచ్చినవాడు వాష్ కూడా చేయించుకునే పోతాడు.

నెల్లూరు వాళ్లకి రొట్టెల పండగ ఉంది. మొహర్రం నెలలో వస్తుంది, మన క్యాలెండర్‌లో ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. బయటి ఊళ్ల బండ్లు స్వర్ణాల చెరువు చుట్టుపక్కల నిండిపోతాయి. సంపు ముందురోజే నింపుకోండి, ఆ రోజుల్లో ట్యాంకరు రావడం కష్టం.

లారీలు? రేటు ఎక్కువిస్తారు, ఆశ పుడుతుంది. కార్ల బేలోకి ఎక్కించకండి. గ్రీజు ముద్దలు కాలవ మూసేస్తాయి, నేల పగులుతుంది, వెనక నిలబడ్డ రెండు కార్లు వెళ్లిపోతాయి.

8. ఖాళీ గంటలు నింపండి

సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పది తర్వాత, మధ్యాహ్నం మూడు దాకా షాపు ఖాళీ. ఈ గంటలకి క్యాబు డ్రైవర్లు, స్కూలు వ్యాన్లు, డ్రైవింగ్ స్కూళ్లు, పాత కార్లు అమ్మేవాళ్లు సరిపోతారు. పది కూపన్ల పుస్తకం 800 రూపాయలకి, డబ్బు ముందే. శని, ఆదివారాలు, పండగ ముందురోజులు చెల్లదని కూపన్ మీదే అచ్చు వేయించండి.

అప్పు మాత్రం వద్దు. "నెలాఖరుకి ఒకేసారి ఇస్తాం బ్రదర్" అనే ట్రావెల్స్ ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, ఆయనకి రావాల్సింది కూడా ఎక్కడో ఆగి ఉంటుంది.

9. బోర్డు, లైట్లు, కాగితాలు

వీటికి పెద్దగా చెప్పేది లేదు. గూగుల్ మ్యాప్స్‌లో పాత పేరు, పాత ఫోన్ నంబరు తీసేసి మీది పెట్టండి, పాత మూడు స్టార్ల రేటింగ్ వెంటపడుతుంటే కొత్త ఫోటోలు పెట్టి "కొత్త యాజమాన్యం" అని రాయండి. వేసవిలో జనం వచ్చేది సాయంత్రం ఆరు తర్వాతే, బేలో నీడలు పడకుండా రెండు వైపులా ఎల్ఈడీలు ఉండాలి. రేట్ల బోర్డు రోడ్డు మీద బండి ఆపకుండానే చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉండాలి. ఆగి, అడిగి, వెళ్లిపోయినవాళ్ల లెక్క రాయమన్నాను కదా, అది తగ్గేది దీనివల్లే.

ట్రేడ్ లైసెన్సు, కరెంటు మీటరు (నెల్లూరులో ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలులో ఏపీసీపీడీసీఎల్) మీ పేరుకి మార్పించుకోండి, మీటరు కమర్షియల్ క్యాటగిరీలో ఉందో లేదో చూసుకోండి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మురికి నీళ్లు వీధి కాలవలోకి నేరుగా వదలకుండా మూడు అరల తొట్టి కట్టించండి. మొదటి అరలో మట్టి, రెండో అరలో పైకి తేలే నూనె ఆగుతాయి, మూడో అరలో తేరిన నీళ్లు టైర్లు, నేల కడగడానికి వస్తాయి. కారు పెయింటు మీద ఆ నీళ్లు మళ్లీ కొట్టకండి.

ఎక్కువమంది ఎక్కడ పొరబడతారు

కొన్న వారంలోనే రేటు పెంచేయడం ఒకటి. నీళ్లూ ప్రెషరూ బాగుపడకుండా రేటు పెరిగితే ఉన్న డ్రైవర్లు కూడా పోతారు, డ్రైవర్లకి ఒకరికొకరు చెప్పుకోవడానికి ఎంతసేపు.

అమ్మినాయన క్యూఆర్ స్టిక్కరు అలాగే ఉంచేయడం ఇంకొకటి. నవ్వకండి, డబ్బు పాత ఖాతాలోకి పోతూ ఉంటుంది. మీ స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు ఎవరైనా అతికించారేమో రోజూ పొద్దున గోటితో గీకి చూడండి. స్క్రీన్‌షాట్ చూపిస్తే టోకెన్ ఇవ్వకండి, సౌండ్ బాక్సు పలికితేనే.

ఇక ఇంజిన్ మీద గన్ కొట్టనివ్వడం. ఫ్యూజు బాక్సులోకి నీళ్లు పోతే బండి అక్కడే ఆగిపోతుంది, బే రోజంతా బ్లాకు, పైగా ఖర్చు మీ నెత్తిన. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ మూత దగ్గరికి కూడా గన్ పోనివ్వకండి.

బండి లోపలికి రాగానే చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీయకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. పాత గీత కూడా మీరే పెట్టారంటారు.

పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

గల్లా పెట్టె చూసి చెప్పకండి, పండగ నెలలో ఎవరికైనా నిండుతుంది. నోటు పుస్తకంలో వారానికోసారి నాలుగు లెక్కలు వేయండి. ఒకటి, మొత్తం వసూలుని కాలిన యూనిట్లతో భాగించండి. ఇది మీ షాపుకి ఒక అంకె దగ్గర నిలబడుతుంది. యూనిట్లు పెరిగి, వసూలు పెరగలేదంటే రెండే కారణాలు: ఎక్కడో నీళ్లు లీకై పంపు ఊరికే తిరుగుతోంది, లేదా మీరు లేనప్పుడు స్నేహితుల బండ్లు ఉచితంగా కడుగుతున్నారు. టైమర్ బాక్సులో మొత్తం గంటలు చూపించే మీటరు ఉంటే ఈ రెండిట్లో ఏది కారణమో వెంటనే తేలిపోతుంది. రెండు, బండికి సగటున ఎంత వచ్చింది. వ్యాక్యూమ్, పాలిష్, ఆఖరి కడుగు అమ్ముడవుతుంటే ఇది మెల్లగా పైకి పోతుంది. మూడు, అదే బండి నంబరు నెలలో రెండోసారి ఎన్నిసార్లు కనిపించింది. ఇది కదలకపోతే మళ్లీ రెండో, మూడో మెట్టుకి వెళ్లండి, లోపం నీళ్లలోనో గన్‌లోనో ఉంది, ప్రచారంలో కాదు. నాలుగు, ఆదివారం క్యూలోంచి వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది.

ఈ నాలుగో అంకె, వ్యాక్యూమ్ బయటికి మార్చాక కూడా, వరసగా రెండు నెలలు తగ్గకుండా ఉంటే అప్పుడు రెండో గన్ గురించి ఆలోచించండి. దానికి ముందు కరెంటు ఆఫీసుకి వెళ్లి మీ కనెక్షన్‌కి మంజూరైన లోడ్ ఎంతో కనుక్కోండి. రెండు మోటార్లు, బోరు, వ్యాక్యూమ్ ఒకేసారి తిరిగితే అది దాటిపోతుంది, అదనపు లోడ్‌కి డబ్బు కట్టి మంజూరు చేయించుకున్నాకే మెషీన్‌కి ఆర్డరు పెట్టండి.